నకిలీ ‘కంప్యూటర్ సపోర్ట్’ ఫోన్లు: లోపలికి రానిచ్చాక ఏం చేయాలి, రానివ్వకుండా ఏం చేయాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఖమ్మంలో ఉంటున్న మీ నాన్నగారు ల్యాప్‌టాప్‌లో పేపర్ చదువుతుంటే ఉన్నట్టుండి స్క్రీన్ అంతా ఎర్రగా మారి, కంప్యూటర్ లాక్ అయింది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని గట్టిగా గొంతు వినిపించింది. ఆయన భయపడి ఫోన్ చేశారు. అవతలివాళ్లు మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నామని చెప్పి, దూరం నుంచే కంప్యూటర్ నడిపించే ఎనీడెస్క్ అనే సాఫ్ట్‌వేర్ వేయించి, ముప్పావుగంట ఏవేవో చూపించి, చివరికి 7,999 రూపాయలు నెట్‌బ్యాంకింగ్‌లో కట్టమన్నారు. ఆయన లాగిన్ కూడా అయ్యారు. ఓటీపీ వచ్చాక అనుమానం వచ్చి ఫోన్ పెట్టేశారు. డబ్బు పోలేదు. కానీ అప్పటి నుంచి రోజూ ఫోన్లు వస్తున్నాయి. ల్యాప్‌టాప్ వాడొచ్చా, ఫార్మాట్ కొట్టించాలా, మళ్లీ ఇలా జరగకుండా ఏం చేయాలి అని అడిగారు.

నేను సికింద్రాబాద్ సీటీసీ మార్కెట్‌లో కంప్యూటర్లు సర్వీస్ చేస్తాను. ఇలా మోసపోయినవాళ్ల మిషన్లు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. ముందు చేయాల్సిన పనులు చెబుతాను, కారణాలు తర్వాత.

ఆ ల్యాప్‌టాప్‌కి నెట్ ఆపేయించండి. వైఫై ఎక్కడ ఆపాలో ఆయనకు తెలియకపోతే రౌటర్ స్విచ్ తీసేయమనండి, సరిపోతుంది. తర్వాత బ్యాంకు పని. దాన్ని ఆ ల్యాప్‌టాప్‌లో చేయొద్దు. ఆయన ఫోన్‌లో చేసేముందు కూడా ఒకసారి నిదానంగా అడగండి: ఫోన్‌లో ఏదైనా యాప్ వేయించారా, వాట్సాప్‌లో ఏదైనా ఫైల్ పంపి ఇన్‌స్టాల్ చేయమన్నారా, వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేయించారా అని. చాలామంది ఈ ముక్క చెప్పడం మర్చిపోతారు. వాళ్ల దృష్టిలో జరిగిందంతా ల్యాప్‌టాప్‌లోనే కదా.

ఏటీఎం కార్డు వెనక ముద్రించి ఉన్న నంబరుకే ఫోన్ చేసి జరిగింది చెప్పండి, లేదా ఆయన్నే బ్రాంచికి వెళ్లమనండి. నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డు మార్చాలి. కొత్తగా ఎవరినైనా బెనిఫిషియరీగా చేర్చారా, ట్రాన్స్‌ఫర్ లిమిట్ పెంచారా, రిజిస్టర్ అయిన మొబైల్ నంబరు, ఈమెయిల్ మనవేనా అన్నవి చూడాలి. ఎఫ్‌డీలు ఉంటే వాటి మీద లోన్ గానీ ఓవర్‌డ్రాఫ్ట్ గానీ ఎవరైనా తీశారా అని ప్రత్యేకంగా అడగండి. సేవింగ్స్ ఖాతాలో బ్యాలెన్స్ సరిగ్గానే ఉందని జనం ఊరుకుంటారు, దెబ్బ పడేది ఎఫ్‌డీ వైపు నుంచి. నాన్నగారు లాగిన్ అయినప్పుడు పాస్‌వర్డు స్క్రీన్ మీద చుక్కలుగానే కనిపించి ఉండొచ్చు. కానీ ఖాతాలో ఎంత ఉందో, ఎఫ్‌డీలు ఎన్ని ఉన్నాయో వాళ్లు కళ్లారా చూశారు. ఇన్ని ఫోన్లు వస్తున్నది అందుకేనని నా అనుమానం.

ఇక ల్యాప్‌టాప్. ఎనీడెస్క్‌ని వెంటనే తీసేయకండి, ముందు దాని జాడ భద్రం చేసుకోండి. నెట్ లేకుండానే మిషన్ ఆన్ చేసి, సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌లోని ఎనీడెస్క్ ఫోల్డర్ తెరవండి. ప్రోగ్రామ్‌డేటా మామూలుగా కనిపించదు, వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెడితే వస్తుంది. అక్కడ ‘కనెక్షన్ ట్రేస్’ అనే పేరుతో ఒక టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. ఇన్‌స్టాల్ చేయకుండా ఊరికే రన్ చేయించి ఉంటే అదే ఫైల్ యూజర్ యాప్‌డేటాలో రోమింగ్ కింద ఉన్న ఎనీడెస్క్ ఫోల్డర్‌లో దొరుకుతుంది. అవతలివాళ్ల ఎనీడెస్క్ ఐడీ, ఏ తేదీన ఏ సమయానికి లోపలికి వచ్చారు అన్నవి అందులో వరుసగా ఉంటాయి. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. పోలీసు ఫిర్యాదుకు ఆ ఐడీ, వాళ్లు వాడిన ఫోన్ నంబర్లు, డబ్బు కట్టమని చూపించిన ఖాతా లేదా యూపీఐ ఐడీ పనికొస్తాయి. ఇంకో సంగతి కూడా ఆ ఫైల్ చెబుతుంది. నాన్నగారు ఫోన్ పెట్టేశాక, రాత్రి ఎప్పుడైనా వాళ్లు మళ్లీ వచ్చారా అని. ఎనీడెస్క్‌లో పాస్‌వర్డు ఒకసారి పెట్టుకుంటే ఈవైపు ఎవరూ ఓకే నొక్కకపోయినా లోపలికి రావచ్చు. మోసగాళ్లు మాట్లాడుతూనే ఆ పాస్‌వర్డు పెట్టేసుకుంటారు.

ఫార్మాట్ సంగతి అడిగారు. కొట్టించమనే నా సలహా. ముప్పావుగంట లోపల కూర్చున్నవాళ్లు ఏమేం వేశారో, ఏ ఫైళ్లు తీసుకున్నారో బయటి నుంచి పూర్తిగా తేల్చడం కష్టం. ఫొటోలు, వర్డ్, పీడీఎఫ్ ఫైళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, సెట్టింగ్స్‌లో రికవరీ కింద ఉండే ‘రీసెట్ దిస్ పీసీ’లో ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎంచుకుంటే చాలు. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు మాత్రం పాతవి దాచుకోవద్దు, మళ్లీ దించుకోండి. ఫార్మాట్ వీలుకాని పరిస్థితి ఉంటే ఎనీడెస్క్‌తో పాటు ఆ రోజు తేదీతో వచ్చిన ప్రతి యాప్‌నీ తీసేసి, విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. మిషన్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే స్కాన్ చేస్తుంది. ఫార్మాట్ అంత నమ్మకం కాదు గానీ ఏమీ చేయకపోవడం కన్నా చాలా మేలు.

క్రోమ్‌లో పాస్‌వర్డులు సేవ్ చేసి ఉంటే అవన్నీ బయటపడ్డాయనే అనుకుని వేరే మిషన్ నుంచి మార్చండి. జీమెయిల్ మొదట మార్చాలి, మిగతావన్నీ రీసెట్ అయ్యేది దాని ద్వారానే. గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ కింద ‘యువర్ డివైసెస్’ చూసి తెలియనివాటిని సైన్ అవుట్ చేయండి. రికవరీ ఫోన్ నంబరు మనదేనా, జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ ఎవరికైనా పెట్టారా అని కూడా చూడండి.

ఇప్పుడు ఆ ముప్పావుగంటలో నాన్నగారికి ఏం చూపించి ఉంటారో చెబుతాను. ఇది ఆయనకు మీరు దగ్గర కూర్చుని మీ సొంత కంప్యూటర్‌లో చేసి చూపించాలి. భయం పోవడానికి ఇంతకన్నా మంచి మందు నాకు తెలియదు.

మొదట చూపించేది ఈవెంట్ వ్యూయర్. స్టార్ట్‌లో ఆ పేరు కొట్టి, కస్టమ్ వ్యూస్ కింద అడ్మినిస్ట్రేటివ్ ఈవెంట్స్ తెరవండి. మొన్న కొన్న కొత్త ల్యాప్‌టాప్ అయినా సరే, ఎర్ర గుర్తులు, పసుపు త్రికోణాలు వందల్లో కనిపిస్తాయి. డిస్ట్రిబ్యూటెడ్ కామ్ అనే పేరుతో 10016 నంబరు వార్నింగు పదేపదే ఉంటుంది. దాన్ని పట్టించుకోనక్కర్లేదని మైక్రోసాఫ్టే తన సైట్‌లో రాసింది. విండోస్ తన పని తాను చేసుకుంటూ రాసుకునే డైరీ అది. ఏదో ఒక సర్వీసు ఒక సెకను ఆలస్యంగా లేచినా అందులో రాసుకుంటుంది. మోసగాడు మాత్రం ఆ వందల ఎర్ర గుర్తులనూ ఒక్కొక్కటే కిందికి జరుపుతూ, చూశారా సార్, ఇవన్నీ వైరస్‌లు, హ్యాకర్లు లోపల ఉన్నారు అంటాడు. ఒక ఎర్రర్ మీద క్లిక్ చేసి డిలీట్ చేయమంటాడు. ఆ లిస్టులో ఒక్కొక్క లైనుకు డిలీట్ అనే ఆప్షనే ఉండదు. చూశారా, డిలీట్ కూడా కావట్లేదు అంటాడు.

రెండోది నల్ల స్క్రీన్. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘అసాక్’ (assoc) అనే కమాండ్ కొట్టమంటారు. పొడుగ్గా ఒక లిస్టు వచ్చి, చివర్లో సీఎల్ఎస్ఐడీ అని ఉండి 888తో మొదలయ్యే పెద్ద నంబరు ఒకటి కనిపిస్తుంది. అది మీ కంప్యూటర్ లైసెన్స్ నంబరని చెప్పి, మీరు చూస్తుండగానే ఫోన్‌లో ఆ నంబరు పొల్లు పోకుండా చదివి వినిపిస్తారు. నా కంప్యూటర్ నంబరు వీళ్లకెలా తెలుసు, అంటే నిజంగా కంపెనీవాళ్లే అని ఎవరికైనా అనిపిస్తుంది. చదువుకున్నవాళ్లు పడిపోయేది సరిగ్గా ఇక్కడే. అసలు సంగతేమిటంటే ఆ నంబరు ప్రతి విండోస్ కంప్యూటర్‌లోనూ ఒకటే. మీ ఆఫీసు కంప్యూటర్‌లోనూ అదే, మా షాపులో ఉన్నవాటిలోనూ అదే. రెండు వేర్వేరు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టి ఈ కమాండ్ కొట్టి నాన్నగారికి చూపించండి. నంబరు తేడా లేకుండా రెండింట్లోనూ కనిపించాక ఇంకెప్పుడూ ఆ మాట నమ్మరు.

ఆ ఎర్ర స్క్రీన్ విషయానికొస్తే, అది ఒక మామూలు వెబ్ పేజీ. ఫుల్ స్క్రీన్‌లోకి వెళ్లి, అడ్రస్ బార్ కనిపించకుండా చేసి, ఆడియో ప్లే చేస్తుంది. కంప్యూటర్ లాక్ కాలేదు, వైరస్ కూడా వచ్చి ఉండకపోవచ్చు. ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకుంటే ఫుల్ స్క్రీన్ పోతుంది, అప్పుడు ఆ ట్యాబ్ మూసేయొచ్చు. పోకపోతే ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కాలి. అదీ పనిచేయకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో బ్రౌజర్ మీద ఎండ్ టాస్క్ కొట్టాలి. పెద్దవాళ్లకు ఇన్ని కీలు గుర్తుండవు. వాళ్లకు ఒకటే చెప్పండి: పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయండి, ఏమీ కాదు. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు రీస్టోర్ చేయాలా అని బ్రౌజర్ అడిగితే వద్దనాలి, లేకపోతే అదే పేజీ తిరిగొస్తుంది.

ఫోన్ నంబరు ఉన్న వార్నింగు ఏదైనా దొంగదే. తమ ఎర్రర్ మెసేజ్‌లలో, వార్నింగులలో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. మనం అడగకుండా వాళ్లంతట వాళ్లు ఫోన్ చేయరని కూడా చెప్పింది. దీన్ని ఊరికే నమ్మనక్కర్లేదు, ఆలోచిస్తే మనకే తెలుస్తుంది. ఖమ్మంలో ఒక ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌లో వైరస్ ఉందని కంపెనీలో ఎవరో కూర్చుని చూస్తూ ఉండరు. ఒకవేళ ఏదో తెలిసినా, ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషి మొబైల్ నంబరు వెతికి పట్టుకుని ఫోన్ చేసే ఏర్పాటు ఏ కంపెనీకీ లేదు. కోట్లాది మంది వాడే విండోస్‌కి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పడం అన్నది జరగని పని. వాళ్లు చెప్పాలనుకున్నది అప్‌డేట్‌గా వస్తుంది, అంతే. కాబట్టి ‘మీ కంప్యూటర్ నుంచి మాకు సిగ్నల్స్ వస్తున్నాయి’ అన్న మొదటి వాక్యం దగ్గరే ఫోన్ పెట్టేయొచ్చు. వాళ్ల పేరు, ఎంప్లాయీ ఐడీ, ఆఫీసు అడ్రస్ అడగాల్సిన పని లేదు. అడిగితే అన్నీ చెబుతారు, ఐడీ కార్డు ఫొటో కూడా వాట్సాప్‌లో పంపిస్తారు. ట్రూకాలర్‌లో కంపెనీ పేరు, లోగో కనిపించినా దానికి విలువ లేదు.

మర్యాదగా మాట్లాడుతున్నవాడి ముఖం మీద ఫోన్ పెట్టేయడం మన పెద్దవాళ్లకు కష్టంగా ఉంటుంది. నేను చూసినవాళ్లలో సగం మంది, అనుమానం వచ్చాక కూడా, పాపం అంతసేపు కష్టపడ్డాడు కదా అని లైనులోనే ఉన్నవాళ్లు. ఇప్పుడు తెలుగులోనే గారూ, అండీ అంటూ మాట్లాడేవాళ్లను కూడా పెట్టుకుంటున్నారు. కాబట్టి నాన్నగారికి మీరు ముందే అనుమతి ఇచ్చినట్టు చెప్పండి: ఇలాంటి ఫోన్ పెట్టేస్తే మర్యాద తప్పినట్టు కాదు, మా అబ్బాయి చూసుకుంటాడు అని ఒక్క మాట చెప్పి పెట్టేయండి అని. లైనులో ఎంతసేపు ఉంచగలిగితే అంత వాళ్ల పని అవుతుంది. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు, బ్యాంకులో అడిగితే వేరే కారణం చెప్పండి అని వాళ్లు పట్టుబట్టేది కూడా మధ్యలో ఇంకో గొంతు వినపడకుండా ఉండటానికే.

మన దగ్గర ఎర్ర స్క్రీన్ కన్నా ఎక్కువగా నేను చూసేది మనమే వెతుక్కుని వెళ్లి వాళ్ల చేతిలో పడటం. ప్రింటర్ పనిచేయడం లేదని గూగుల్‌లో ఆ కంపెనీ పేరు కొట్టి కస్టమర్ కేర్ నంబర్ అని వెతుకుతారు. పైన వచ్చేది డబ్బులిచ్చి వేయించుకున్న ప్రకటన. ఆ సైటు అచ్చం కంపెనీ సైటులాగే ఉంటుంది, మోడల్ నంబర్ అడుగుతుంది, డ్రైవర్ డౌన్‌లోడ్ అవుతున్నట్టు గీత కదులుతుంది, సరిగ్గా చివర్లో ఇన్‌స్టాలేషన్ ఫెయిల్ అయిందని ఒక ఎర్రర్ కోడ్ చూపించి ఈ నంబరుకు ఫోన్ చేయండి అంటుంది. డౌన్‌లోడ్ అసలు మొదలే కాలేదు. ఆ గీత ఒక బొమ్మ మాత్రమే. యాంటీవైరస్ రెన్యువల్, బ్యాంకు, కొరియర్, గ్యాస్, ఫాస్టాగ్ అన్నిటికీ ఇదే పద్ధతిలో దొంగ నంబర్లు తిరుగుతున్నాయి. మ్యాప్స్‌లో కనిపించే నంబర్లు కూడా ఎవరో ఒకరు మార్చే వీలుంది. నంబరు కావాలంటే ప్రింటర్ డబ్బా మీద, వారంటీ కార్డు మీద, బిల్లు మీద, కార్డు వెనక ఉన్నది తీసుకోండి. లేదంటే కంపెనీ సైటు అడ్రస్ మనమే టైప్ చేసి లోపలికి వెళ్లండి. వెతుకులాటలో కంపెనీల పేరుతో దొంగ ప్రకటనలు ఎక్కువయ్యాయని, ప్రకటనలను ఆపేసే యాడ్ బ్లాకర్ వాడమని అమెరికా ఎఫ్‌బీఐ 2022 డిసెంబరులో తమ ప్రజలకు సలహా ఇచ్చింది. నాన్నగారి బ్రౌజర్‌లో యుబ్లాక్ ఆరిజిన్ లైట్ లాంటిది వేసిపెట్టండి. నా లెక్కలో డబ్బులిచ్చి కొనే యాంటీవైరస్ కన్నా దీనివల్ల ఇంట్లో పెద్దవాళ్లకు ఎక్కువ ఉపయోగం.

అక్కడే ఇంకో పని కూడా చేయండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి, అనుమతి ఉన్న సైట్లన్నీ తీసేసి, ఇక ముందు అడగకుండా ఆపేయండి. ‘మీరు రోబో కాదని రుజువు చేయడానికి అలౌ నొక్కండి’ అన్నచోట ఎప్పుడో నొక్కి ఉంటారు, అప్పటి నుంచి డెస్క్‌టాప్ మూలన వైరస్ వార్నింగులు వస్తూ ఉంటాయి. వైరస్ అనుకుని మా షాపుకు తెచ్చే మిషన్లలో చాలావాటికి వైద్యం ఇంతే.

విండోస్‌లో ఆయనకు స్టాండర్డ్ ఖాతా పెట్టి, అడ్మిన్ పాస్‌వర్డు మీ దగ్గర ఉంచుకోండి. దీంతో అన్నీ ఆగిపోవు. ఎనీడెస్క్ లాంటివి ఇన్‌స్టాల్ చేయకుండా కూడా నడుస్తాయి, విండోస్‌తోపాటే వచ్చే క్విక్ అసిస్ట్ ఉండనే ఉంది. కానీ అవతలివాడికి సిస్టమ్ సెట్టింగ్స్ మార్చడం, రహస్యంగా ఏదైనా పాతుకుపోయేలా వేయడం కష్టమవుతుంది. మీరే దూరం నుంచి ఆయన ల్యాప్‌టాప్ చూడాల్సి వస్తే, ముందు మామూలు ఫోన్‌లో మాట్లాడి, మీ గొంతు విన్నాకే ఓకే నొక్కాలని అలవాటు చేయండి.

డబ్బు వైపు ఏర్పాటు నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే భయంలో ఉన్న మనిషి ఏ కీ నొక్కుతాడో చెప్పలేం. పెన్షన్ పడే ఖాతా, ఎఫ్‌డీలు ఉన్న ఖాతా నెట్‌బ్యాంకింగ్ లేకుండా ఉంచి, నెల ఖర్చుకు సరిపడా డబ్బు వేరే ఖాతాలో పెట్టి యూపీఐ, కార్డు దానికే కలపండి. ఆన్‌లైన్ లిమిట్ తగ్గించండి. ఎఫ్‌డీ ఆన్‌లైన్‌లో బ్రేక్ చేసే వీలు తీసేయగలరేమో బ్రాంచిలో అడగండి. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు ఎనీడెస్క్ పేరు పెట్టి మరీ బ్యాంకులను హెచ్చరించింది. ఫోన్‌లో అలాంటి యాప్ ద్వారా అవతలివాడు కనెక్ట్ అయి ఉన్నంతసేపు వచ్చిన ఓటీపీలు వాడికీ కనిపించే వీలుంది. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, అయినా డబ్బు పోయింది అనే కేసుల్లో చాలావరకు ఇదే జరిగి ఉంటుంది.

మీ విషయంలో డబ్బు పోలేదు గానీ, పోయినవాళ్లు ఇది చదువుతుంటే వాళ్ల కోసం రాస్తున్నాను. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఇప్పుడే. బ్రాంచి తెరిచేదాకా ఆగొద్దు. ఏ బ్యాంకు నుంచి, ఎంత, ఎప్పుడు, ట్రాన్సాక్షన్ నంబరు లేదా యూటీఆర్ ఎంత అని అడుగుతారు, ఆ ఎస్ఎంఎస్ ఎదురుగా పెట్టుకుని మాట్లాడండి. వాళ్లు ఆ వివరాలు డబ్బు చేరిన బ్యాంకుకు పంపి, అక్కడ ఇంకా మిగిలి ఉన్నదాన్ని ఆపిస్తారు. దొంగలు ఆ డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు ముక్కలు ముక్కలుగా తోస్తూ పోతారు కాబట్టి నిమిషాలు లెక్కకొస్తాయి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో పూర్తి ఫిర్యాదు, ఆధారాలు పెట్టండి. తెలంగాణలో ఇలా ఆపిన సొమ్మును లోక్ అదాలత్ ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు.

బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా చెప్పి, చెప్పిన సమయం రుజువు దగ్గర పెట్టుకోండి. 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రకారం తప్పు మనదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో ఎక్కడో జరిగిందన్న సందర్భంలో మూడు పనిదినాల్లోగా చెబితే నష్టం మన మీద పడదు. వివరాలు మనమే ఇచ్చేసి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మనం భరించాలి. కానీ చెప్పిన తర్వాత పోయింది బ్యాంకే భరించాలి. కాబట్టి తప్పు మనదే కదా, చెప్పి ఏం లాభం అని ఊరుకోవడం అన్నిటికన్నా నష్టం. బ్యాంకు ముప్పై రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

రోజూ వస్తున్న ఫోన్ల గురించి. తెలియని నంబర్లు ఎత్తొద్దని చెప్పి, ఫోన్‌లో కాంటాక్ట్స్‌లో లేనివాళ్లను సైలెంట్ చేసే సెట్టింగ్ కొన్నాళ్లు పెట్టండి. ఆ నంబర్లను టెలికాం శాఖ సైటు సంచార్ సాథీలో, మోసపు ఫోన్ల ఫిర్యాదుకు ఉన్న ‘చక్షు’లో నమోదు చేయండి. రాబోయే ఫోన్లు అచ్చం ముందులా ఉండకపోవచ్చు. ఒకటి, మీకు 7,999 రీఫండ్ రావాలి అంటారు. ఆయన కట్టనే లేదు, అయినా అంటారు. లాగిన్ అయితే, బ్రౌజర్‌లో పేజీ మీది అంకెలను మార్చి, లేదా ఆయన ఎఫ్‌డీ డబ్బునే సేవింగ్స్‌లోకి తెచ్చి, పొరపాటున 79,990 వేశాం, మిగతాది తిరిగి పంపకపోతే నా ఉద్యోగం పోతుంది అని ఏడుస్తారు. ఎఫ్‌5 కొట్టి పేజీ రీఫ్రెష్ చేస్తే మార్చిన అంకెలు పోతాయి. కానీ డబ్బు నిజంగానే ఎఫ్‌డీ నుంచి వచ్చి ఉంటే అంకె అలాగే ఉంటుంది, అందుకే వచ్చింది ఎక్కడి నుంచో స్టేట్‌మెంట్‌లో చూడాలి. ఇంకొకటి, మీ ల్యాప్‌టాప్‌లో చట్టవిరుద్ధమైనవి దొరికాయి, సీబీఐ అధికారికి కలుపుతున్నాం అంటారు. అక్కడి నుంచి వీడియో కాల్, ఆ కాల్‌లోనే అరెస్టు చేశామని బెదిరించి కూర్చోబెట్టే ‘డిజిటల్ అరెస్ట్’. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదని ప్రధానమంత్రి కూడా 2024 అక్టోబరు మన్ కీ బాత్‌లో చెప్పారు. మూడోది, సైబర్ సెల్ నుంచి, లేదా వకీలు నుంచి, పోయిన డబ్బు రాబట్టి పెడతాం, ఫీజు కట్టండి అని. మోసపోయినవాళ్ల నంబర్లు చేతులు మారుతుంటాయి.

మీలో చాలామంది అమ్మానాన్నలను ఆరు నెలలు అమెరికా తీసుకెళ్తుంటారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఈ మోసానికి అన్నిటికన్నా పెద్ద సంత అదే. 2023లో ఒక్క టెక్ సపోర్ట్ మోసాల కిందే 92 కోట్ల డాలర్లకు పైగా పోయినట్టు ఎఫ్‌బీఐకి ఫిర్యాదులు వచ్చాయి, పోయిన డబ్బులో ఎక్కువ భాగం అరవై దాటినవాళ్లదే. అక్కడ గిఫ్ట్ కార్డులు కొని వెనక నంబరు చదవమంటారు, బిట్‌కాయిన్ ఏటీఎంలో వేయమంటారు. 2024 జనవరిలో ఎఫ్‌బీఐ ఇంకో హెచ్చరిక చేసింది: ఇంటికే మనిషిని పంపి నగదు, బంగారం తీసుకుపోతున్నారని. ఆ ‘పార్శిల్ తెచ్చే’ పనికి డబ్బుకు ఇబ్బంది పడుతున్న మన విద్యార్థులను వాడుకుంటున్నారు, భారతీయ విద్యార్థులు కొందరు అరెస్టయ్యారు కూడా. మీ తమ్ముడో చెల్లెలో అక్కడ చదువుతుంటే, ఒక పెట్టె తీసుకొచ్చి ఇస్తే రెండు వందల డాలర్లు అనే పని ఏమిటో ముందే చెప్పండి.

ఇవతలి చివర, అంటే ఆ ఫోన్లు చేసే వైపు, కూడా మన ఊళ్లలోనే ఉంది. 2024 సెప్టెంబరులో సీబీఐ ఆపరేషన్ చక్ర-3లో పుణె, హైదరాబాద్, విశాఖపట్నంలో సోదాలు చేసి 26 మందిని అరెస్టు చేసింది. టెక్ సపోర్ట్ వాళ్లమంటూ అమెరికా వాళ్లకు ఫోన్లు చేసిన కాల్ సెంటర్లు అవి. డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం తిరుగుతున్న పిల్లలు ‘ఇంటర్నేషనల్ వాయిస్ ప్రాసెస్’ అనే ప్రకటన చూసి చేరతారు. రాత్రి షిఫ్టు, జీతం నగదుగా, ఇంగ్లిషు పేరు ఒకటి పెట్టుకోమనడం, ఆఫర్ లెటర్ లేకపోవడం, ఫోన్లు బయట పెట్టించడం, చదవడానికి ఒక స్క్రిప్ట్ ఇవ్వడం. ఇవి కనిపిస్తే మొదటి రోజే బయటికి వచ్చేయాలి. వేరొకరి పేరుతో కంప్యూటర్ ద్వారా మోసం చేస్తే ఐటీ చట్టం 66డీ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. నాకు ఆ స్క్రీన్ ముందు భయపడిన పెద్దాయన గురించి ఎంత బాధ ఉంటుందో, తెలిసీ తెలియక ఆ కుర్చీలో కూర్చున్న పిల్లవాడి గురించి కూడా అంతే ఉంటుంది.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఇంత చదువుకుని ఇదేంటి అన్న మాట రానివ్వకండి. ఓటీపీ దగ్గర ఆగడం చిన్న విషయం కాదు, ముప్పావుగంట నూరిపోసిన భయాన్ని దాటి ఆయన ఫోన్ పెట్టేశారు. ఆ మాట ఆయనకు చెప్పండి. ఇప్పుడు చీవాట్లు పడితే ఈసారి ఫోన్ వచ్చినప్పుడు మీకు చెప్పరు, అది చాలా ప్రమాదం.

ముందు బ్యాంకు సంగతి చూసుకుని, కనెక్షన్ ట్రేస్ ఫైల్‌లో ఆ రోజు తర్వాత తేదీలు ఏమైనా ఉన్నాయేమో ఇక్కడ రాయండి. ఉంటే ఫార్మాట్‌కు ముందు చేయాల్సింది ఇంకొంచెం ఉంటుంది, చెబుతాను. ఖాతా నంబర్లు, ఫోన్ నంబర్లు, ఐడీలు మాత్రం ఇక్కడ పెట్టకండి, అవి పోలీసు ఫిర్యాదులో ఉంటే చాలు.